తూము లేని కట్టలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నోటితో అనకూడని మాట ఒకటి ఉండేది. ఉప్పు కరిగింది అనకూడదు. వానాకాలంలో జాడీలో ఉప్పు నీరు కారితే చెమ్మగిల్లింది అనాలి. అయిపోతే నిండుకుంది అనాలి. ఆ మాట అందరి ఇళ్ళలోనూ అనేదే. కరగడం అన్నది మాత్రం మా గడప లోపల వినపడకూడదు. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో మా అమ్మ ఒకసారి, పులుసులో ఉప్పు కరిగిందో లేదో చూస్తానని అన్నదట. మా నాయనమ్మ గరిటె కింద పెట్టి, కాళ్ళు కడుక్కొని వచ్చి, దేవుడి ముందు మళ్ళీ దీపం వెలిగించిందట. ఎందుకని మా అమ్మ అడగలేదు. కొంచెం ఊహ తెలిశాక నేను అడిగాను. "ఉప్పు అమ్మినోళ్లం బిడ్డా, మన నోట ఆ మాట రావద్దు" అంది నాయనమ్మ. ఆ మాట వద్దన్నది తాతయ్యేనట, ఎందుకో ఆమెకూ చెప్పలేదట.

మాది ఓరుగల్లు మట్టెవాడలో తరాలుగా ఉప్పు తెచ్చి అమ్మిన ఇల్లు. నేను పుట్టేనాటికి వ్యాపారం లేదు, ఇల్లు మాత్రం ఉంది. వీధి వైపు గదులు ఒక బట్టల దుకాణానికి అద్దెకిచ్చి మేము వెనక సగంలో ఉండేవాళ్ళం. ఒకప్పుడు ఉప్పు బండ్లు వరసగా నిలిచిన వాకిట్లో నాయనమ్మ వడియాలు పెట్టేది. ఆ వ్యాపారం ఎలా పోయిందో మా తాతయ్య ఎవరికీ చెప్పలేదు. ఆయన చెప్పలేదు గనుక బజారు తనకు తోచింది చెప్పుకుంది. కొందరు పేకాటలో పోయిందన్నారు, కొందరు నాటకాల పిచ్చి అన్నారు. మా తాతయ్య జన్మలో పేక ముట్టలేదు, నాటకమంటే మొదటి రంగంలోనే నిద్రపోయేవాడు. అయినా ఎవరికీ బదులు చెప్పలేదు. ఆయన గోడకు ఆనుకొని కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, బట్ట దొరకదు. ఉన్న తలరుమాళ్ళనే నాయనమ్మ గంజిపెట్టి మార్చి మార్చి ఇస్తే, చిరుగు లోపలికి పోయేలా చుట్టుకొని, ఊరంతా తనదే అన్నట్టు బజారుకు నడిచేవాడు.

మాకు మిగిలిన మర్యాద ఒక్కటే. ఏటా వైశాఖంలో మా వ్యాపార కుటుంబాలన్నీ బండ్లు కట్టుకొని ధర్మసాగర్ చెరువు పక్కన మామిడితోటకు వెళ్ళేవి. అక్కడే వంటలు, అక్కడే భోజనాలు. తిన్న తర్వాత సంఘం పెద్ద అందరికీ తాంబూలాలు ఇచ్చేవాడు. మొదటి తాంబూలం మా ఇంటిది. ఒక కరువు సంవత్సరం ఊళ్ళో ఉప్పుకల్లు దొరకనప్పుడు మా తాతయ్య తండ్రి సముద్రం మీద సొంత పడవల్లో ఉప్పు బందరు వైపున్న మా గోదాముకు రప్పించి, అక్కడి నుంచి బండ్ల మీద ఓరుగల్లు చేర్చి, ధర పెంచకుండా అమ్మాడట. ఆనాటి నుంచి ఆ వరస. మా తాతయ్య ఆ తాంబూలాన్ని నిలబడి రెండు చేతులతో అందుకునేవాడు. ఆ క్షణంలో మా ఇంటి ముందు గదులు అద్దెకిచ్చిన సంగతి అక్కడెవరికీ గుర్తుండేది కాదు.

ఆ పడవల కథ ఊరంతా ఎరిగినదే. బందరుకు దిగువన సముద్రం ఒడ్డునే మా గోదాము. దాని గోడకు ఒక ఇనుప కడియం, పడవ తాడు ఆ కడియానికే కట్టేవారు. పోటు వచ్చిందంటే అలల తుంపర తలుపుల మీద పడేది. పడుచుతనంలో మా తాతయ్య ఏడాదిలో సగం అక్కడే ఉండి సరుకు చూసుకునేవాడు. ఇదంతా ఆయన చెప్పగా విన్నదే. మా బజారులో సముద్రాన్ని కళ్ళతో చూసినవాళ్ళు అరుదు గనుక కాదనేవాడూ లేడు.

కాదనేవాడు ఒకనాటికి తయారయ్యాడు. మా బంధువుల్లోనే కొత్తగా ఎదిగిన మిర్చి షావుకారు ఒకాయన ఉండేవాడు. మా తాతయ్యను మామా అని పిలిచేవాడు. సరుకు పని మీద ఆ వైపు వెళ్ళి, పనిలో పనిగా మా గోదామున్న ఊరికీ వెళ్ళి చూసి వచ్చాడు. వచ్చిన రోజే తన దుకాణం అరుగు మీద కూర్చొని పదిమందికి చెప్పాడు.

"మా మామ గోదాము చూసొచ్చిన. గోదాము ఉన్నది, అబద్ధమెందుకు. లోపల బర్రెలున్నయి. కడియమూ ఉన్నది, దానికీ బర్రెనే ఉన్నది. సముద్రం ఏదయ్యా అంటే అర కోసు నడువుమన్నరు. నడిస్తే ఏమున్నది, చెరువుకట్టలు! ఒక కట్ట ఎక్కి దిగితే ఇంకో కట్ట, నడుమ నీళ్లు, గడ్డి. అన్ని కట్టలు దాటినంక గప్పుడు కనపడ్డది సముద్రం. గంత దూరంకెల్లి అలలొచ్చి మా మామ తలుపు కొట్టినయంట!"

నవ్వు బజారంతా పాకింది. సాయంత్రానికి మా ఇంటికి కొత్త పేరు వచ్చింది: బర్రెలకాడ పడవ కట్టినోళ్లు. పెద్దవాళ్ళు ఆ పేరును మా వెనక అన్నారు. పిల్లలకు అంత ఓపిక లేదు. "ఓ పడవోళ్ల పిల్లా, మీ పడవ పూటకు ఎన్ని పాలిస్తదే?" అని వీధిలో నా వెంట పడ్డారు. వాళ్ళలో షావుకారు కొడుకే ముందు. వాణ్ణి పలకతో కొట్టాను. పలక పగిలింది, నవ్వు ఆగలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. సంఘం పెద్ద కబురు పంపాడు. ఈసారి తోటలో ఈ సంగతి తేల్చాలట. లేని సముద్రం పేరు చెప్పుకున్న ఇంటికి మొదటి తాంబూలం ఇవ్వడం కుదరదట. ఆ మర్యాద ఈ ఏటి నుంచి షావుకారుకు పోతుందట.

ఆ రోజు నేను మా తాతయ్య ముందు నిలబడి అడిగాను, నిజంగా మన తలుపు దగ్గర సముద్రం ఉండేదా అని. ఆయన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తు. బజారు అన్నదానికి కదలని మనిషి, నేను అడిగినందుకు కదిలాడు. "నువ్వు సుత అడుగుతున్నవా బిడ్డా" అన్నాడు. మళ్ళీ తనే, "సరే. నా మాట నమ్మకు. చూసి నమ్ము. పొద్దుగాల బండి కడదాం" అన్నాడు.

మర్నాడు మేమిద్దరం ధర్మసాగర్ వెళ్ళాం. కట్ట వైపు కాకుండా, దానికి ఎదురుగా, చెరువు లోపలి నేల, శిఖం భూమి, మెల్లగా నీళ్ళలోకి దిగే వైపు తీసుకెళ్ళాడు. జీలుగు బెండుతో ఒక చిన్న పడవ చెక్కి తెచ్చాడు. నీళ్ళ అంచున ఒక గూటం పాతి, పడవను నీళ్ళలో వదిలి, దాని తాడు నా చేత గూటానికి కట్టించాడు. "నీళ్లు ఏడిదాక ఉన్నయో మంచిగ చూసుకో" అన్నాడు. ఏడుస్తున్న పిల్లకు బొమ్మ ఇచ్చి ఊరడిస్తున్నాడనుకున్నాను. పడవ తేలుతుంటే, నాకు కోపం వచ్చింది కూడా.

అప్పుడు ఆయన మా వెనక ఉన్న నేలను చూపించాడు. చెరువు అప్పటికే కొంత ఎండింది. నీళ్ళు దిగిన చోటల్లా ఒడ్డు వెంట సన్నని గట్లు, ఒకదాని కింద ఒకటి, దువ్వెనతో దువ్వినట్టు. ఇసుక, గులక, ఎండిన నాచు, నత్తగుల్లలు ఆ గట్లలో చేరి ఉన్నాయి. గాలి కొట్టిన ప్రతిసారీ అలలు అడుగున ఉన్నదాన్ని నెట్టుకొచ్చి అంచున ఒక వరస పోస్తాయని, నీళ్ళు తగ్గితే ఆ వరస అక్కడే మిగిలిపోయి దాని ముందు మరో వరస పుడుతుందని చెప్పాడు. పెద్ద గాలి పోసిన గట్టు ఎత్తుగా ఉంటుంది. నీళ్ళు మళ్ళీ పెరిగితే కింది గట్లు చెదిరిపోతాయి, అన్నిటికంటే పైన ఉన్నది మిగులుతుంది.

సముద్రం ఒడ్డున జరిగేదీ ఇదేనని, అయితే అక్కడ గట్లు వేలెడు కావు, మనిషి ఎత్తు ఇసుక దిబ్బలని చెప్పాడు. మా గోదాము కూడా అలాంటి ఒక పాత దిబ్బ మీదే కట్టారట. దాని వెనక, ఊళ్ళ వైపు, ఇంకా పాతవి ఎన్నో ఉన్నాయట. ఊళ్ళన్నీ దిబ్బల మీద, పొలాలు దిబ్బల నడుమ పల్లాల్లో. సముద్రానికి ఎంతో దూరాన బావి తవ్వినా గుల్లలు పడతాయట. కొన్ని పాత దిబ్బలను ఇప్పటి అలలు అందుకోలేవని, అంటే సముద్రం ఎన్నడూ ఒకే మట్టాన కూర్చోలేదని, తాతల తాతల కాలంలో పైకి లేచింది, కిందికి దిగింది అని చెప్పాడు. నేను విన్నాను. సగం అర్థమైంది. ఇది మనిద్దరికి తెలిస్తే ఏం లాభం, బజారుకు ఎట్లా తెలుస్తుందని అడిగాను. "ఫికర్ చెయ్యకు" అన్నాడు. తోట కాపలాదారును పిలిచి, గూటం వైపు పశువులను రానివ్వవద్దని చెప్పాడు.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. మధ్యలో ఈదురుగాలులు లేచి మా పెరట్లో పెంకులు ఎగరగొట్టాయి. గాలి లేచినప్పుడల్లా మా తాతయ్య వాకిట్లోకి వచ్చి నిలబడి, ఎటు నుంచి కొడుతున్నదో చూసి, తృప్తిగా లోపలికి పోయేవాడు. పెంకులు ఎవరు సరిచేస్తారని నాయనమ్మ గొణిగేది.

తోట భోజనాల రోజు వచ్చింది. మామిడిచెట్ల కింద పొయ్యిలు వెలిగాయి. విస్తర్లు వేయకముందే సంఘం పెద్ద మా తాతయ్యను పిలిచి, ఏమంటావు తమ్మీ అని అడిగాడు. మా తాతయ్య ఆయన వైపు కాకుండా షావుకారు వైపు తిరిగి కూర్చున్నాడు.

"అల్లుడా, నువ్వు చూసొచ్చినవు, కండ్లున్నోనివి. ఆ కట్టలు ఎట్లున్నయో పదిమందికి జర చెప్పు."

షావుకారు సంతోషంగా చెప్పాడు. పొడుగ్గా ఉన్నాయన్నాడు, తాళ్ళు పరిచినట్టు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయన్నాడు, అటు చూస్తే కొస లేదు ఇటు చూస్తే కొస లేదు అన్నాడు.

"మట్టివా, రాతివా?"

"ఇసుకవి మామా. ఉత్త ఇసుక. కాలు దిగవడ్డది."

"తూములు ఎక్కడెక్కడ పెట్టినరు?"

"తూములు... నేనైతే చూడలే."

"మత్తడి?"

"అది సుత లేదు."

"తూము లేదు. మత్తడి లేదు. ఇసుకతోని కట్ట. నీళ్లు ఆగని కట్ట, ఆగినా బయటికి రాని కట్ట. గసొంటిది ఒక్కటి కాదు, వరసకు వరస కట్టిన మొనగాడెవడు అల్లుడా?"

వినేవాళ్ళందరూ ఓరుగల్లు వాళ్ళు. చెరువు నీళ్ళతో పండిన అన్నం తిని పెరిగినవాళ్ళు. కట్ట ఉన్న చోట పొలానికి నీళ్ళు వదిలే తూము ఉండాలని, నిండితే పొర్లిపోయే మత్తడి ఉండాలని ఇక్కడ నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. ఎక్కడ గట్టు కనపడినా అది చెరువుకట్టే అనుకోవడం మా వాళ్ళకు అలవాటు. షావుకారూ అలాగే అనుకున్నాడు. వెనక వరసలో ఎవరో, "దేవుడే కట్టిండేమో షావుకారూ, తూము మరిచిపోయిండు" అన్నారు. ఈసారి నవ్వు ఆయన వైపు తిరిగింది.

మరి ఎవరు కట్టారు అని సంఘం పెద్ద అడిగాడు. మా తాతయ్య లేచి, రాండ్రి చూపిస్తా అని చెరువు వైపు నడిచాడు. పులిహోర చల్లారుతుందని వంటవాళ్ళు మొత్తుకుంటున్నా అందరూ వెంట నడిచారు.

గూటం పొడి నేల మీద నిలబడి ఉంది. నేను కట్టిన తాడు దానికే ఉంది. పడవ ఎండిన మట్టి మీద పక్కకు ఒరిగి ఉంది. నీళ్ళు ఎక్కడో కింద మెరుస్తున్నాయి.

"ఈ పడవ ఇక్కడ ఎవరు కట్టినట్టు అల్లుడా?"

"ఎవలో పోరగాండ్లు" అన్నాడు షావుకారు. "పడవ నీళ్లల్ల కట్టాలెనని తెల్వనోళ్లు."

నాకు ఒళ్ళు మండింది. ముందుకు వచ్చి, "నేనే కట్టిన. నీళ్లల్లనే కట్టిన! ఆ రోజు నీళ్లు గీ గూటం కాడ ఉండె" అని అరిచాను. ఆడపిల్ల పెద్దల మధ్య అరిస్తే ఒప్పుకునే రోజులు కావు. ఎవరూ నన్ను ఆపలేదు. కాపలాదారు, అవునయ్యా, నేను చూసిన అన్నాడు. పడవకు, నీళ్ళకు మధ్య ఈదురుగాలులు పోసిన గట్లు వరసగా ఉన్నాయి. ఇసుకవి, తూములు లేనివి. అప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది, మా తాతయ్య నా చేత ఆనాడు ఏం చేయించాడో.

షావుకారు తెలివితక్కువవాడు కాడు. గట్ల వైపు చాలాసేపు చూసి, "చెరువు ఎండుతది మామా. సముద్రం ఎండుతదా?" అన్నాడు. అది సరైన ప్రశ్నే. మా తాతయ్య ముఖం కూడా వెలిగింది, ఇన్నాళ్ళకు ఎదుట ఒక మనిషి దొరికినట్టు. అందరినీ వాగు వచ్చి చెరువులో కలిసే మూలకు నడిపించాడు. వాగు అప్పటికి ఎండి ఉంది. కానీ వానల్లో అది మోసుకొచ్చిన ఇసుక చెరువులోకి విసనకర్రలా పరుచుకొని ఉంది. మిగతా ఒడ్డున గట్లు ఇరుకుగా ఉంటే, ఇక్కడ ఎడం ఎడంగా, నీళ్ళలోకి ముందుకు చొచ్చుకుపోయి ఉన్నాయి. సముద్రం ఎండనక్కర్లేదని అప్పుడు చెప్పాడు. కృష్ణా నది వరదలో తెచ్చిన ఇసుకను సముద్రంలో పోస్తే, సముద్రం దాన్ని ఉంచుకోదు, అలలతో ఒడ్డు వెంట నడిపించి తిరిగి నేల మీదికే నెడుతుంది. నెట్టిన కొద్దీ నేల ముందుకు పోతుంది, నీళ్ళు దూరమవుతాయి.

సంఘం పెద్దకు నమ్మకం కుదిరింది. కుదిరాక ఆయన అడగవలసింది ఒకటే మిగిలింది. "అయితే తమ్మీ, మీ గోదాము ముందట ఆ మొదటి దిబ్బ ఎప్పుడు లేచింది? నువ్వు చూసినవా?"

మా తాతయ్య చెరువు వైపు తిరిగాడు. చూశానంటే అంతా చెప్పాలి. చూడలేదంటే ఇంతవరకు చెప్పినది ఊహ అయిపోతుంది. నేను ఆయన చేయి పట్టుకున్నాను.

చూశానన్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సంవత్సరం సరుకంతా గోదాముకు చేరింది. అప్పు లేకుండా, ఇంట్లో ఉన్న ప్రతి పైసా పెట్టి కొన్న ఉప్పు. గోదాము దూలాల దాకా నింపారు. తుపాను వస్తున్నదని గాలి చెప్పింది గానీ అంతది వస్తుందని ఎవరూ అనుకోలేదు. పొద్దున లేచిన గాలికి సముద్రం మధ్యాహ్నానికి ఉబ్బింది. ముందు ఒడ్డును కోసుకొని తిన్నది. తిన్న ఇసుకను ఎత్తి దిబ్బ మీదుగా లోపలికి విసిరింది. తలుపులు ఊడిపోయాయి. గోదాములో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. మనుషులు దూలాలెక్కి బతికారు.

"ఉప్పు కరిగిపోయింది" అన్నాడు మా తాతయ్య. గట్టిగానే అన్నాడు. "మొత్తం కరిగిపోయింది. నా కండ్ల ముందట."

ఆడవాళ్ళ గుంపులో మా నాయనమ్మ ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను.

ఆయన ఆగలేదు. తుపాను పోయాక నెమ్మది అలలు నెలల తరబడి ఇసుకను తిరిగి మోశాయని, ఆ ఏటి వరద కూడా తోడై గోదాముకు ఎదురుగా సముద్రంలోనే ఒక మెట్ట తేలిందని, మరుసటి ఏటికి అది దిబ్బ అయిందని చెప్పాడు. పడవ వచ్చే దారి పూడింది. సరుకు పోయింది, దారి పోయింది, రెండూ ఒకే గాలి తీసుకుంది. "పేకాట కాదు. నాటకాలు కాదు" అన్నాడు. మూడు దశాబ్దాలకు పైగా బజారు అంటున్నదానికి ఆయన చెప్పిన జవాబు అంతే.

అంతా విన్నాక అందరూ మెత్తబడతారని నేను అనుకున్నాను. లోకం అలా ఉండదు. షావుకారు గొంతు సవరించుకున్నాడు. "మామ మాట నిజమే, ఒప్పుకుంట. కని, సముద్రం ముంచిన ఇల్లన్నట్టు గదా. మునిగిన చేతికి మొదటి తాంబూలం ఇస్తే పదిండ్లకు శుభమేనా, పెద్దలు చూడుండ్రి."

పెద్దలు చూశారు. గుసగుసలాడుకున్నారు. వ్యాపారులకు శకునం భయం ఎంతో నాకు తర్వాత తెలిసింది. చివరికి సంఘం పెద్ద ఒక ఉపాయం చెప్పాడు: ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒకేసారి ఇద్దామని.

"రెండు మొదళ్లు ఉండయి అన్నా" అన్నాడు మా తాతయ్య. "ఇయ్యాలంటే ఇయ్యి, వద్దంటే వద్దను. సగం మర్యాద నాకొద్దు. నన్ను పిలిచింది ఒక మాట తేల్చేటందుకు. నా తలుపుకాడ సముద్రం ఉన్నదంటే నిజమా, అబద్ధమా? అది చెప్పు."

"నిజమే."

"జర గట్టిగ. వెనకోళ్లకు ఇనపడాలె."

"నిజమే!" అన్నాడు సంఘం పెద్ద, కొంచెం కోపంగా.

మా తాతయ్య తలరుమాలు సర్దుకొని వెళ్ళి విస్తరి ముందు కూర్చున్నాడు. అలిగి వెళ్ళిపోతాడని ఎదురుచూసిన వాళ్ళున్నారు. ఆయన వెళ్ళలేదు. పులిహోర మారు వడ్డించుకున్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందని వడ్డించేవాడిని పిలిచి మరీ చెప్పాడు. నడుము నిటారుగా పెట్టుకొని, చివరి మెతుకు దాకా తిని, చేయి కడుక్కున్నాడు. తాంబూలాల పళ్ళెం తెస్తుండగా లేచి, తొందర లేకుండా బండి దగ్గరికి నడిచాడు. నేను వెనక్కి చూశాను. షావుకారు నిలబడి అందుకుంటున్నాడు. అందుకుంటూ ఆయన చూసింది మా బండి వైపే.

దారిలో నేను ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని అడిగాడు. తాంబూలం ఇయ్యలే గదా అన్నాను.

"నన్ను అబద్ధాలకోరు అన్నరా?"

"అనలే."

"మరింకేం" అన్నాడు. ఎద్దులను అదిలించాడు. నాయనమ్మ బండిలో వెనక కూర్చుంది. ఇంటి ముందు దిగేటప్పుడు, "ఇన్నేండ్లు గది నువ్వొక్కనివే మోసినవా" అన్నది. ఆయన, దిగు, చీరె చక్రంల పడుతది అన్నాడు.

రెండు రోజులైనా కాకముందే షావుకారు కొడుకు మా వాకిలి ముందు నిలబడి కొత్త పాట ఎత్తుకున్నాడు. "ఓ పడవోళ్ల పిల్లా, మీ ఉప్పంత నీళ్లపాలాయెనంటగా!" వెనక పిల్లల గుంపు. పాత రోజులైతే చేతికి దొరికినదానితో కొట్టేదాన్ని. నేను అరుగు మీదికెక్కి నిలబడ్డాను.

"అవునురా, కరిగిపోయింది! గోదాముకు గోదాము కరిగిపోయింది! కరిగేటంత మీ ఇంట్ల ఏమున్నదో చెప్పు!"

గుంపు వాణ్ణి చూసి నవ్వింది, నన్ను చూసి కాదు. లోపల నాయనమ్మ, తాతయ్య ఇద్దరూ విన్నారు. ఈసారి నాయనమ్మ కాళ్ళు కడుక్కోలేదు, దీపం మళ్ళీ వెలిగించలేదు.

మొదటి తాంబూలం మళ్ళీ మా ఇంటికి రాలేదు. మా తాతయ్య బతికున్నంత కాలం తోటకు వెళ్ళాడు, తిన్నాడు, పళ్ళెం వచ్చే ముందు లేచాడు. ఆయన పోయిన కొన్నేళ్ళకు మా నాన్న ఇల్లు అమ్మేశాడు.

సముద్రాన్ని నేను చూసింది పెళ్ళయి పిల్లలు పుట్టాక. ఆ ఊరు వెళ్ళాను. గోదాము గోడలు కూలిపోయి ఉన్నాయి. కానీ మా దారిని పూడ్చిన దిబ్బ ఉంది. దాని మీద సరుగుడు చెట్లు, చెట్ల మధ్య ఇళ్ళు. తుపాను వస్తే చుట్టుపక్కల వాళ్ళంతా పిల్లలతో, మేకలతో ఆ దిబ్బ ఎక్కి బతుకుతామని అక్కడి ఒక ముసలామె చెప్పింది. ఇది మా ఇంటిని ముంచిన దిబ్బ అని ఆమెతో అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, అయితే కూర్చోండి, మీ దిబ్బే కదా అంది. కూర్చున్నాను.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. కొడుకు దగ్గర రెండు గదుల ఇంట్లో ఉంటాను. పాతవాళ్ళు ఎవరైనా ఎదురైతే గొంతు తగ్గించి, మీరు ఫలానా ఉప్పు వ్యాపారుల ఇంటివారు కదూ, పాపం ఎట్లా ఉండేవారు, అంటారు. ఆ తగ్గించిన గొంతు నాకు పడదు. నేను నా గొంతు తగ్గించను. ఏం ఉండేదో చెబుతాను, అది ఏ మధ్యాహ్నం ఎలా పోయిందో కూడా చెబుతాను, ఒక్క ముక్క మింగకుండా, నలుగురికీ వినపడేలా. పోయినదాన్ని దాచుకున్నన్నాళ్ళు ఊరు మా మీద తన కథలు కట్టింది. దాన్ని తన నోటితో చెప్పిన రోజున మా తాతయ్యకు తాంబూలం దక్కలేదు గానీ, ఆయన ముందు గొంతు తగ్గించే హక్కు ఇక ఎవరికీ దక్కలేదు. నాతో మాట్లాడేవాళ్ళకూ అది దక్కనివ్వను.